కార్డుముక్క మీద గుట్టు

"పెద్దమ్మా, నువ్వు గ్రీన్!" అంది మా చెల్లెలి కూతురు.

2024 నవంబరులో అమ్మని వెంటబెట్టుకుని డాలస్‌లో వున్న మా చెల్లెలింటికి వెళ్ళాను. దిగిన మర్నాడే నా ఫోనులో అక్కడి సిమ్ము వేయించారు. పదిహేనేళ్ళ ఆ పిల్ల తన ఫోనులోంచి నాకొక "హాయ్" కొట్టి, అది నాకు చేరిందో లేదో కూడా చూడకుండా ఈ తీర్పు చెప్పేసింది. నేను కట్టుకున్నది మెంతిరంగు చీర. గ్రీనెక్కడుందా అని పమిట చూసుకున్నాను. అది పడీ పడీ నవ్వి తన ఫోను చూపించింది. దానిది ఐఫోను. తనలాంటి ఐఫోను వాళ్ళకి మెసేజి పంపితే తన మాటల చుట్టూ నీలం బుడగ వస్తుందట. నాలాంటి ఆండ్రాయిడ్ వాళ్ళకి పంపితే ఆకుపచ్చ బుడగ. వాళ్ళ స్కూల్లో ఆకుపచ్చ వాళ్ళంటే కాస్త చిన్నచూపట కూడాను. "నిన్ను మా గ్రూపులో కలిపితే గ్రూపంతా గ్రీనైపోతుంది పెద్దమ్మా" అని ఎంతో మర్యాదగా నన్ను వెలివేసింది.

కులాలూ శాఖలూ మనతోపాటు సముద్రం దాటాయని విన్నాను గానీ, ఫోన్లలో కూడా పంక్తిభేదం వుంటుందని అప్పుడే తెలిసింది.

నవ్వుకుని వూరుకున్నాను. ఆ రంగు వెనకాల ఇంకో సంగతి వుందనీ, అది తిరిగి తిరిగి మాకే తగులుతుందనీ నాకేం తెలుసు?

మేం వెళ్ళింది పైకి చుట్టపుచూపుగానే. అసలు కారణం నాకూ, చెల్లాయికీ, మా మరిదిగారికీ తప్ప ఎవరికీ తెలియదు. చెల్లాయికి రొమ్ములో చిన్న గడ్డ కనిపించింది. పరీక్షలు చేస్తున్నారు. నాన్న పోయి రెండేళ్ళు కాలేదు, ఏ సంగతీ తేలేదాకా అమ్మకి చెప్పొద్దంది. "వాట్సప్‌లో పెట్టనక్కా. నీ ఫోను ఎప్పుడూ అమ్మ చేతిలోనే వుంటుంది, ప్రవచనాలు వింటూ. మామూలు మెసేజిలో పెడతాను. అమ్మ అటువైపు తొంగిచూడదు" అంది. ఎంత తెలివైనదో అనుకున్నాను. అది ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా మెసేజిలు వచ్చేవి. ఏ రోజు ఏ పరీక్ష, డాక్టరమ్మ ఏమంది, ఇన్సూరెన్సు నంబరు, మధ్యమధ్య "భయమేస్తోందక్కా" అన్న ఒక్క ముక్క. చదివి తుడిచేసేదాన్ని. తుడిచేస్తే పోయినట్టే అనుకునేదాన్ని.

ఉత్తరాలు రాసుకుంటూ పెరిగిన ఆఖరి తరం మాది. మా చిన్నప్పుడు ఇంటికొచ్చే ఉత్తరాలకీ రంగులుండేవి. నాలుగు మూలలా పసుపు పూసి వుంటే పెళ్ళి కబురు, విప్పకముందే అమ్మమ్మ మొహం విప్పారేది. చావు కబురు తెచ్చిన కార్డుని గడప దాటనిచ్చేవారు కారు, వీధిలోనే చదివి చింపి పారేసేవారు. నీలం రంగు ఇన్‌లాండు లెటరొస్తే హెయిర్‌పిన్నుతో జాగ్రత్తగా విప్పాలి, లేకపోతే అంటించిన మడత దగ్గర ఇరికించి రాసిన ఆఖరి రెండు వాక్యాలూ చిరిగిపోయేవి. అసలు కబురు ఆ రెండు వాక్యాల్లోనే వుండేది కూడాను. ఇక కార్డుముక్క అంటారా, అది వీధరుగు లాంటిది. ఎవరైనా కూర్చోవచ్చు.

ఓసారి మేం ఇంట్లో లేనప్పుడు మా పిన్ని సంబంధం గురించిన కార్డు పక్కింట్లో ఇచ్చారు. పెళ్ళివారు వద్దన్న సంగతి, ఎందుకు వద్దన్నారో ఆ కారణంతో సహా, మాకంటే ముందు పక్కింటావిడకి తెలిసింది. సాయంత్రానికి వీధికుళాయి దగ్గర అందరికీ తెలిసింది. పిన్ని నాలుగు రోజులు నీళ్ళకి బయటికి రాలేదు. ఆ కబురు కార్డు మీద రాసినాయన్ని తాతయ్య తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. పక్కింటావిడని మాత్రం ఒక్కమాటనలేదు. కార్డన్నాక చదవరూ?

చదువుతారని తెలిసినవాళ్ళు జాగ్రత్తపడేవారు. మా అమ్మమ్మా, వాళ్ళక్కయ్యా కార్డుల మీదే సంసారాలు నడిపారు. "బియ్యం బస్తా చేరింది" అంటే డబ్బు అందిందని. "ఆవకాయ ఈసారి కుదర్లేదు" అంటే కొత్తకోడలితో పడటం లేదని. పిల్లలం మేం మాత్రం తక్కువ తిన్నామా? ప్రతి అక్షరం ముందూ 'క' చేర్చి మాట్లాడుకునే వాళ్ళం. "కనేకను కరేకపు కరాకను" అంటే "నేను రేపు రాను" అని. ఎదురుగా వున్న పెద్దవాళ్ళు వెర్రిమొహాలు వేసుకుని చూస్తున్నారని మా ధీమా.

ఈ తంటా కార్డుతోపాటే పుట్టింది. 1869 అక్టోబరులో ఆస్ట్రియా-హంగరీలో లోకంలో మొదటి పోస్టుకార్డు వచ్చింది. మన దేశానికి 1879 జూలై 1న వచ్చింది, ఖరీదు పావు అణా. చవకగా వుందని జనం ఎగబడ్డారు గానీ, నౌకర్లు చదివేస్తారని ఇంగ్లండులో పెద్దింటివాళ్ళు మొహం చిట్లించుకున్నారు. అసలు అక్కడి ప్రేమికులు అంతకుముందునుంచే ఇంకా తెగించారు. పత్రికల్లో డబ్బు కట్టి, సంకేతభాషలో ప్రకటనలు వేయించుకుని మాట్లాడుకునేవారు. ఛార్లెస్ వీట్‌స్టన్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన స్నేహితుడు ప్లేఫేరూ ఆ ప్రకటనల గుట్టు విప్పడమే కాలక్షేపంగా పెట్టుకున్నారు. ఆక్స్‌ఫర్డు కుర్రాడొకడు లండన్లో వున్న అమ్మాయిని లేచిపోదాం రమ్మన్నాడట. వీట్‌స్టన్‌గారు వుండబట్టలేక, అదే సంకేతంలో, అలాంటి పని చెయ్యొద్దని మందలిస్తూ తానొక ప్రకటన వేయించారు. వెంటనే ఆ అమ్మాయి, ఇక రాయకు, మన సంకేతం బయటపడిపోయిందని ఇంకో ప్రకటన ఇచ్చింది. ఆ పిల్ల గుండె ఎంత ఝల్లుమని వుంటుందో! పెద్దాయన మంచికే చెప్పాడు నిజమే. కానీ తలుపు సందులోంచి మంచి చెప్పినా తలుపు సందులోంచి చెప్పినట్టే కదండీ.

రహస్యలిపి విద్య మనకూ కొత్తది కాదు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో మ్లేచ్ఛిత వికల్పం ఒకటి. అక్షరాలు మార్చి గుట్టుగా రాయడం, మాట్లాడటం అన్నమాట. వంటా, కుట్టూ, పూలమాలలతోపాటు ఆడపిల్ల నేర్చుకోవలసిన వాటిలో ఆయన దీన్నీ చేర్చాడు. పెద్దమనిషికి లోకజ్ఞానం బాగానే వుంది.

ఇప్పుడు ఫోను దగ్గరికొస్తాను. బి.ఎ. తెలుగు చదివినదాన్ని, లెక్కలకి ఆమడదూరం. అయినా డాలస్‌లో జరిగినదాని తర్వాత పట్టుబట్టి కూర్చుని ఈ భోగట్టా అంతా చదివాను. అందులో ఒక్క ముక్క దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి.

ఫోనులో మెసేజి పంపే ఏర్పాటు తలపెట్టిన వాళ్ళలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అని ఒక జర్మన్ ఇంజనీరు వున్నాడు. మాటలు కలిపే పనికి ముందు, ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారు లాంటి సంకేతాలు పంపుకోవడానికి టెలిఫోను వ్యవస్థలో ఒక సన్నని దారి వుంటుంది. ఎక్కువసేపు అది ఖాళీయే. అందులోంచి చిన్న చిన్న మాటలు పంపితే ఖర్చుండదు కదా అనుకున్నారు. మరి ఎంత చిన్నవి? 1985లో హిల్లెబ్రాండ్ బాన్ నగరంలో తన ఇంట్లో టైపుమిషను ముందు కూర్చుని, తోచిన వాక్యాలూ ప్రశ్నలూ కొట్టి, అక్షరాలు లెక్కపెట్టాడు. దాదాపు అన్నీ 160 లోపే వచ్చాయి. మనిషి చెప్పదలచిన మాట అంతలో ఇముడుతుందా అని సందేహించిన వాళ్ళకి చూపించడానికి ఆయన దగ్గరున్న రుజువేమిటో తెలుసా? పోస్టుకార్డులు! జనం కార్డుల మీద 150 అక్షరాలకి మించి రాయడం తక్కువేనని చూశారు.

అంటే మనం ఎస్.ఎమ్.ఎస్. అంటున్నది కార్డుముక్కని కొలిచి, అదే కొలతకి కుట్టిన చొక్కా. కొలతతోపాటు గుణమూ వచ్చేసింది. 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే కుర్ర ఇంజనీరు కంప్యూటరులోంచి ఇంగ్లండులో మొదటి మెసేజి పంపాడు, క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతూ. అప్పుడూ ఇప్పుడూ ఎస్.ఎమ్.ఎస్. వెళ్ళే తీరు ఒకటే. మన ఫోను నుంచి దగ్గర్లో వున్న టవరు దాకా ఒక పల్చటి ముసుగు వుంటుంది. అక్కడ ముసుగు తీసేస్తారు. కంపెనీవారి కేంద్రంలో మన మాట బట్టబయలుగా కాసేపు కూర్చుని, అవతలి టవరుకి చేరి, మళ్ళీ ముసుగేసుకుని అవతలి ఫోనులోకి వెళుతుంది. కంపెనీకీ కంపెనీకీ మధ్య వేసిన సంకేతాల దారి 1970లలో, ఒకరినొకరు నమ్ముకున్న కొద్దిమంది వాడుకోవడానికి వేసుకున్నది. ఆ దారిలో దూరి ఇతరుల మెసేజిలు మళ్ళించుకోవచ్చని 2014లో పరిశోధకులు చేసి చూపించారు. 2017లో జర్మనీలో దొంగలు చేసేశారు కూడా. బ్యాంకు పంపిన ఓ.టి.పి.లని దారిలో పట్టుకుని ఖాతాల్లోంచి డబ్బు లాగేశారు.

కార్డుని కార్డని చూడగానే తెలిసేది, అదే దాని మంచితనం. ఇది చూడటానికి అచ్చం కవరులా వుంటుంది. మన ఫోను, మన అరచేయి, మన తాళం. వీధరుగు మీద కూర్చుని మాట్లాడుతూ పడకగదిలో వున్నామనుకుంటాం.

మరి నిజమైన కవరు ఎలా చేస్తారు? రహస్యలిపికి వున్న పెద్ద చిక్కల్లా తాళంచెవి. నేనూ మీరూ 'క' భాషలో మాట్లాడుకోవాలంటే, 'క' చేర్చాలన్న సంగతి ముందుగా ఎవరూ వినకుండా మీ చెవిన వెయ్యాలి. వెయ్యగలిగిన దాన్ని అసలు సంగతే చెప్పొచ్చుగా! రాజులూ సైన్యాలూ వేల ఏళ్ళు ఈ చిక్కులోనే వున్నారు. 1975లో విట్‌ఫీల్డ్ డిఫీ అనే ఆయన కాలిఫోర్నియాలో ఒక ప్రొఫెసరుగారింట్లో వుంటూ దీన్ని గురించే ఆలోచిస్తున్నాడు. ఒకరోజు ఉపాయం తట్టింది. కోకు తాగుదామని మేడ దిగాడు. దిగేసరికి ఆలోచన పోయింది! కాసేపటికి మళ్ళీ గుర్తొచ్చింది. మూకుట్లో పోపు మాడుతూంటే ఏం చెయ్యడానికి ఈ గదిలోకి వచ్చానా అని నిలబడిపోయే మనకి ఇది ఎంత ఓదార్పో చూడండి. 1976లో ఆయనా మార్టిన్ హెల్‌మనూ కలిసి ఆ ఉపాయాన్ని ప్రచురించారు. బ్రిటిషు గూఢచారి శాఖలో ముగ్గురు ఇలాంటివే అంతకు ముందే కనిపెట్టి, 1997 దాకా నోరు విప్పలేకపోయారు. పాపం, రహస్యాలు దాచే విద్యే వాళ్ళ పేర్లని దాచేసింది.

ఆ ఉపాయం లెక్కల్లో ఎలా వుంటుందో నాకు తెలియదు గానీ, నాకు అర్థమైనంత మటుకు అది గుళ్ళో హుండీ. హుండీ అందరికీ కనబడేలా మండపంలోనే వుంటుంది. ఎవరైనా వెయ్యొచ్చు. ఒకసారి వేశాక, వేసినవాళ్ళు కూడా బయటికి తియ్యలేరు. తాళంచెవి వున్నవాళ్ళే తియ్యగలరు. ఆ తాళంచెవి ఎవరికీ పంపించక్కర్లేదు, ఇల్లు కదలక్కర్లేదు. మన ఒక్కొక్కరి ఫోనూ అలాంటి హుండీ ఒకటి తయారుచేసి లోకానికి ఇచ్చి, తాళంచెవి తన కడుపులో దాచుకుంటుంది. నాకు పంపేవాళ్ళు నా హుండీలో వేస్తారు. దారిలో మోసేవాళ్ళకి ఇనప్పెట్టె కనిపిస్తుందే గానీ లోపలి కాగితం కనపడదు. ఎండ్-టు-ఎండ్ అంటూ వాట్సప్‌లో పైన వచ్చే పసుప్పచ్చ గీతల వెనక వున్నది ఇదే.

2007లో ఐఫోను వచ్చినప్పుడు అందరి బుడగలూ ఆకుపచ్చే. పంక్తిభేదం అప్పటికి లేదు. 2011 అక్టోబరులో ఆపిల్ వాళ్ళు ఐమెసేజి పెట్టారు. హుండీ పద్ధతి, నీలం బుడగ. ఎవరి హుండీ ఏదో చెప్పే జాబితా ఆపిల్ దగ్గర వుంటుంది. మా చెల్లాయి నాకు మెసేజి రాసినప్పుడు దాని ఫోను ఆ జాబితా తిరగేస్తుంది. నా పేరు లేదు, ఎందుకంటే నాది ఆండ్రాయిడ్. హుండీ లేకపోతే ఏం చెయ్యాలి? "అమ్మా, ఈవిడకి కవరు కుదరదు, కార్డు మీదే పంపనా?" అని అడగాలా లేదా? అడగదు. బుడగ రంగు మార్చి, కార్డు రాసి పడేస్తుంది. ఆ రంగు మార్పుకి అర్థం ఇదని ఎవరూ చెప్పకపోవడం వల్ల, పిల్లలు దానికి తమకి తోచిన అర్థం చెప్పుకున్నారు. గొప్పవాళ్ళ ఫోను, బీదవాళ్ళ ఫోను అని.

ఐమెసేజిని ఆండ్రాయిడ్‌లో కూడా పెట్టకూడదా అంటే, చేతకాక కాదు. 2021లో ఒక కోర్టు వ్యాజ్యంలో ఆపిల్ వారి పాత ఉత్తరాలు బయటికొచ్చాయి. వాళ్ళ కంపెనీ పెద్దల్లో ఒకాయన, క్రెయిగ్ ఫెడెరిగి, 2013లోనే తేల్చేశాడు. అలా పెడితే ఐఫోనున్న కుటుంబాలు తమ పిల్లలకి ఆండ్రాయిడ్ ఫోన్లు కొనివ్వడానికి వున్న అడ్డు తొలగిపోతుందట. కుటుంబాలన్న మాట ఆయనదే, నాది కాదు. 2022 సెప్టెంబరులో ఒక సభలో ఒకాయన లేచి, మా అమ్మకి నేను పంపే వీడియోలు సరిగా కనబడటం లేదు మహాప్రభో అంటే, ఆపిల్ అధిపతి టిమ్ కుక్ "మీ అమ్మకి ఐఫోను కొనిపెట్టండి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, మొదటిసారి చదివినప్పుడు.

2023 డిసెంబరులో ఇంకో తమాషా. పదహారేళ్ళ స్కూలు కుర్రాడొకడు ఐమెసేజి ఎలా పనిచేస్తుందో కూపీ లాగితే, దాని ఆధారంగా బీపర్ అనే చిన్న కంపెనీ ఆండ్రాయిడ్ వాళ్ళకీ నీలం బుడగలు ఇచ్చింది. మూడునాళ్ళ ముచ్చటే, ఆపిల్ వెంటనే ఆ దారి మూసేసింది. దొంగదారిన వచ్చేవాళ్ళని రానివ్వకపోవడం తప్పంటానా? అనను. కానీ రాజమార్గం వెయ్యకుండా పన్నెండేళ్ళు కూర్చున్నదీ వాళ్ళే.

గూగుల్ వాళ్ళు మాత్రం నోట్లో వేలు పెడితే కొరకలేని అమాయకులేం కారు. ఎస్.ఎమ్.ఎస్. స్థానంలో ఆర్.సి.ఎస్. అనే పద్ధతి రావాలని 2007 నుంచీ టెలిఫోను కంపెనీల వాళ్ళు కమిటీలు వేసుకుంటూనే వున్నారు. గూగుల్ దాన్ని అందుకుని, తమ మెసేజి యాప్‌లో 2021లో తాళం పెట్టింది, ఇద్దరూ తమ యాప్ వాడితేనే సుమా. అక్కడా గోడే, రంగు వేరు.

మన దేశంలో ఈ గొడవ మనకి తగలకపోవడానికి కారణం వాట్సప్. 2016 ఏప్రిల్‌లో వాట్సప్ వాళ్ళు వంద కోట్ల మందికి, ఫోనేదైనా సరే, రాత్రికి రాత్రి హుండీలు పంచిపెట్టారు. సిగ్నల్ అనే యాప్ పెట్టిన చిన్న సంస్థ తయారుచేసిన తాళం అది. మనం అత్తగారికి గుడ్ మార్నింగ్ గులాబీ పంపినా అది సైనికరహస్యంలా తాళంలో వెళుతుంది. బ్యాంకు పంపే ఓ.టి.పి. మాత్రం ఇప్పటికీ చాలామందికి కార్డు మీదే వస్తోంది! అలాగని ఈ తాళాల మీద తగాదాలు లేవని కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సప్ పుకార్లు నమ్మి జనం నిరపరాధుల్ని కొట్టి చంపారు. అలాంటి పుకారు మొదట ఎవరు పుట్టించారో చెప్పగలగాలని 2021లో ప్రభుత్వం నియమాలు తెచ్చింది. చెప్పాలంటే తాళం పగలగొట్టాలంటూ వాట్సప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. అంత పని చెయ్యమంటే దేశం విడిచిపోతామని 2024 ఏప్రిల్‌లో వాళ్ళ లాయరు కోర్టులో అన్నాడు కూడా. ఆ చచ్చిపోయినవాళ్ళ తల్లుల్ని తలుచుకుంటే ప్రభుత్వం అడిగింది న్యాయమేననిపిస్తుంది. కుళాయి దగ్గరికి రాని మా పిన్ని గుర్తొస్తే మళ్ళీ మనసు వెనక్కి లాగుతుంది.

డిసెంబరు మొదటి వారంలో ఒక రాత్రి డాలస్‌లో అందరం భోజనాలకి కూర్చున్నాం. అమ్మ గోంగూర వడ్డిస్తోంది. మా మరిదిగారు ఫోనులో వార్త చదివి, "చూశారా వదినగారూ, చైనా హ్యాకర్లు అమెరికా టెలిఫోను కంపెనీల్లోకి దూరారట. కనీసం ఎనిమిది కంపెనీలట. ఎఫ్.బి.ఐ. వాళ్ళే చెబుతున్నారు, తాళమున్న మెసేజి యాప్‌లే వాడండి, ఐఫోనుకీ ఆండ్రాయిడ్‌కీ మధ్య పంపే మామూలు మెసేజిలకి రక్షణ లేదు అని" అన్నారు.

నేను చెల్లాయి వైపు చూశాను. చెల్లాయి నా వైపు చూసింది. ముద్ద దిగలేదు ఇద్దరికీ. అమ్మకి తెలియకూడదని దాచిన సంగతంతా, గడ్డ కొలతతో సహా, మేం నెల్లాళ్ళుగా కార్డుముక్కల మీద రాసుకుంటున్నాం! ఇంట్లోవాళ్ళ కంట పడకూడదని వీధిగోడ మీద రాసినట్టయింది.

చైనావాళ్ళకి మా చెల్లెలి బయాప్సీతో పనేమిటి అని మీరనొచ్చు. మా మరిదిగారూ అదే అన్నారు తర్వాత. ఆ హ్యాకర్లకి కావలసింది పెద్ద పెద్ద వాళ్ళ మాటలు. మా మెసేజిలు ఎవరూ చదివి వుండరని నాకూ తెలుసు. అయినా రెండు రాత్రులు నిద్రపట్టలేదు. "భయమేస్తోందక్కా" అన్న మాట నా కోసం రాసింది. దాన్ని ఎవరో చదవగలిగే చోట అది కాసేపు పడి వుందన్న వూహే చాలు.

ఆ వార్తలో వింత ఏమిటంటే, తాళాలు వాడండని చెప్పిన ఎఫ్.బి.ఐ.యే 2016లో ఒక హంతకుడి ఐఫోను తెరిపించమంటూ ఆపిల్ మీద కోర్టుకెక్కింది. పోలీసులు కోర్టు ఉత్తర్వుతో వస్తే వినడానికి వీలుగా టెలిఫోను కంపెనీలు ఏర్పాటు చేసి వుంచాలని అమెరికాలో 1994 నుంచీ చట్టం వుంది. పోలీసులు అలా అడిగి తీసుకున్న వివరాల్లో కొన్నిటిని కూడా ఈ హ్యాకర్లు కాపీ చేసుకున్నారని నవంబరులోనే అధికారులు ఒప్పుకున్నారు. పోలీసుల కోసమని పెట్టిన దొడ్డిగుమ్మం, దొంగలకి దారి చెప్పనని ఒట్టు పెట్టుకుంటుందా?

సెప్టెంబరులో ఆపిల్ వాళ్ళు ఆర్.సి.ఎస్.ని తమ ఫోన్లలోకి రానిచ్చారు కదా, ఇంకేమిటి అని నేనడిగితే, మా చెల్లెలి కూతురే వెతికి చెప్పింది. ఫొటోలు బాగా వెళతాయి, అవతలివాళ్ళు టైపు చేస్తూంటే కనబడుతుంది. కానీ ఆ రెండు ఫోన్ల మధ్యా తాళం మాత్రం లేదు. 2025 మార్చిలో గానీ ఆర్.సి.ఎస్.కి రెండు వైపులా పనిచేసే తాళం ఖాయం కాలేదు. ఎమ్.ఎల్.ఎస్. అని 2023లో ఇంజనీర్లందరూ కూర్చుని ఒప్పుకున్న పద్ధతి అది. రాబోయే సాఫ్ట్‌వేర్లలో పెడతామని ఆపిల్ అప్పుడు చెప్పింది. మీ ఫోనులో ఎలా వుందో నేను చెప్పడం కంటే మీరే చూసుకోవడం మేలు. మెసేజి దగ్గర చిన్న తాళం బొమ్మ కనబడుతోందా లేదా చూడండి. రంగుని నమ్మకండి. ఇంకొక్క మాట, తాళమున్నా పెట్టె మీద చిరునామా కనబడుతూనే వుంటుంది. ఎవరు ఎవరితో ఎప్పుడెప్పుడు మాట్లాడారన్నది మోసేవాడికి తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళ చేతికి ఫోను ఇచ్చాక ఏ లెక్కలూ కాపాడవు, అది వేరే సంగతి.

ఆ రాత్రి భోజనాలయ్యాక చెల్లాయీ నేనూ మేడమీద గదిలో తలుపు వేసుకుని, వాట్సప్‌లో మా ఇద్దరి సంభాషణకీ వేరే తాళం పెట్టుకున్నాం, అమ్మ చేతికి ఫోనిచ్చినా అది మాత్రం తెరుచుకోకుండా. మధ్యలో ఎవరూ దూరలేదని చూసుకోవడానికి వాట్సప్‌లో 60 అంకెలు వుంటాయి, ఇద్దరి ఫోన్లలోనూ ఒకటే కావాలి. అది చదువుతూంటే నేను టిక్కు పెట్టుకున్నాను. చిన్నప్పుడు ఎక్కాలు ఒప్పజెప్పుకున్నట్టు. నలభయ్యో అంకె దగ్గర దానికి ఏడుపొచ్చింది. మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాం.

పది రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. అప్పుడు అమ్మ వంటింట్లో దోసెలు పోస్తోంది, నేను హాల్లో బట్టలు మడతపెడుతున్నాను. చెల్లాయి ఆఫీసుగదిలోంచి ఫోను పట్టుకుని బయటికొచ్చింది. మెసేజి పెట్టే ఓపిక లేదు దానికి. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, నలభై ఏళ్ళ మనిషి, "కభకయం కలేకదు" అంది.

భయం లేదు. నా చేతిలో దుప్పటి జారిపోయింది.

వంటింట్లోంచి అట్లకాడ చప్పుడు ఆగింది. "కనాకకు కతెకలుకసు" అంది అమ్మ. తర్వాత మామూలుగా, "రండి, దోసెలు చల్లారిపోతున్నాయి" అంది.